పొగరహిత ప్రదేశం : పదానికి అర్థం, చట్టంలో నిర్వచనం, ఆచరణలో వినియోగం

ఆసుపత్రి వరండాలో, బస్సు ప్రయాణ ప్రాంగణంలో, తహశీల్దారు కార్యాలయం మెట్ల వద్ద, సినిమా హాలు గోడపై తెల్లని పలకమీద ఎర్రని వలయంలో చిత్రించిన సిగరెట్టు బొమ్మ నేడు అందరికీ సుపరిచితమే. ఆ పలక ఉన్న చోటును ప్రభుత్వ పత్రాలు, ఆరోగ్య శాఖ ప్రచురణలు, వార్తాపత్రికలు ‘పొగరహిత ప్రదేశం’ అని వ్యవహరిస్తున్నాయి. ఈ పదం చూడటానికి చిన్నదే అయినప్పటికీ, దాని వెనుక ఒక వైద్య సత్యం, ఒక రాజ్యాంగ హక్కు, ఒక కేంద్ర చట్టం, ఒక అంతర్జాతీయ ఒడంబడిక ఉన్నాయి. పదాన్ని సరిగా అర్థం చేసుకోనప్పుడు చట్టం కల్పించిన రక్షణ ఎవరికి, ఎక్కడ, ఎంతవరకు వర్తిస్తుందో తెలియక పోయే ప్రమాదం ఉంది. ఈ దృష్ట్యా పొగరహిత ప్రదేశం అనే పదం అర్థాన్ని, దానికి సన్నిహితమైన ఇతర పదాలను, చట్టంలోని నిర్వచనాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

పదం - అర్థం :

‘రహితము’ అనగా లేనిది, విడువబడినది. పొగరహిత ప్రదేశం అనగా పొగ లేని చోటు. అయితే ఇక్కడ పొగ అంటే ఏ పొగ అయినా కాదు. వంటచెరకు పొగ, వాహనాల పొగ, భోగి మంటల పొగ ఈ పదం పరిధిలోకి రావు. సిగరెట్టు, బీడీ, చుట్ట, హుక్కా మొదలైన పొగాకు ఉత్పత్తులను కాల్చడం వలన వెలువడే పొగకు మాత్రమే ఈ పదం పరిమితం. తెలుగులో పొగాకు అనే మాటలోనే పొగ, ఆకు అనే రెండు పదాలు కలిసి ఉన్నాయి. పొగ త్రాగడానికి ఉపయోగించే ఆకు గనుక పొగాకు అయినది. అందువలన తెలుగు పాఠకునికి ‘పొగరహితం’ అన్న వెంటనే పొగాకు పొగయే స్ఫురించడం సహజం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒడంబడికలోని 8వ అధికరణం అమలుకు 2007లో బ్యాంకాక్‌లో ఆమోదించబడిన మార్గదర్శకాలు ‘పొగరహిత గాలి’ అనే పదాన్ని నిర్వచించాయి. ఆ నిర్వచనం ప్రకారం నూటికి నూరు శాతం పొగాకు పొగ లేని గాలియే పొగరహిత గాలి. పొగాకు పొగను కంటితో చూడలేని, వాసన ద్వారా గుర్తించలేని, ఇంద్రియాలకు తెలియని, పరికరాలతో కొలిచినా కనిపించని గాలి ఇందులో చేరుతుంది. కనుక పొగ తక్కువగా ఉన్న చోటు, కిటికీలు తెరచి ఉంచిన చోటు, ఒక మూల మాత్రమే పొగ త్రాగే చోటు పొగరహిత ప్రదేశాలు కావు. ఈ పదానికి ‘కొంతవరకు’ అనే స్థితి లేదు.

సన్నిహిత పదాలు - భేదాలు :

వాడుకలో ఈ పదానికి దగ్గరగా అనేక పదాలు ఉన్నాయి. అవి ఒకే అర్థాన్ని ఇస్తున్నట్లు కనిపించినా వాటి మధ్య గణనీయమైన భేదం ఉంది.

‘ధూమపాన నిషిద్ధ ప్రదేశం’ : ఇది ఒక వ్యక్తి చేయకూడని పనిని తెలిపే పదం. ఇక్కడ పొగ త్రాగరాదు అనే ఆజ్ఞ ఇందులో ఉంది. పలకలపై వ్రాయవలసిన చట్టబద్ధమైన హెచ్చరిక ఈ భావాన్నే తెలుపుతుంది. ‘పొగరహిత ప్రదేశం’ ఆ ఆజ్ఞ పాటించబడిన ఫలితాన్ని తెలుపుతుంది. పలక తగిలించిన ప్రతి చోటు నిషిద్ధ ప్రదేశమే, కాని పలక క్రిందనే బీడీ ముక్కలు పడి ఉంటే అది పొగరహిత ప్రదేశం కాజాలదు.

‘పొగాకు రహిత ప్రదేశం’ : దీని పరిధి మరింత విస్తృతం. పొగ త్రాగడంతో పాటు ఖైనీ, గుట్కా, జర్దా, పొగాకు కలిసిన పాన్ వంటి వాటి వినియోగం కూడ లేని చోటు ఇది. విద్యాసంస్థల విషయంలో ఈ పదమే వాడబడుతున్నది. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2019లో సవరించి విడుదల చేసిన పొగాకు రహిత విద్యాసంస్థల మార్గదర్శకాలు, పాఠశాల ఆవరణలో ఏ రూపంలోనూ పొగాకు వాడకం ఉండరాదని, ప్రాంగణం వెలుపల 100 గజాల హద్దును పసుపుపచ్చని గీతతో గుర్తించాలని సూచించాయి.

‘పొగలేని పొగాకు’ : ఈ పదం కొందరిలో భ్రమను కలిగిస్తున్నది. నమలే, పీల్చే, చిగుళ్ళ వద్ద ఉంచుకునే పొగాకు ఉత్పత్తులకు ఇది పేరు. ఇందులో ‘పొగలేని’ అనే మాట హానిలేనిది అనే అర్థాన్ని ఇవ్వదు. ప్రపంచ వయోజన పొగాకు సర్వే ప్రకారం 2016-17లో భారతదేశంలో వయోజనులలో 10.7 శాతం మంది పొగ త్రాగుతుండగా, 21.4 శాతం మంది పొగలేని పొగాకును వాడుతున్నారు. నోటి క్యాన్సరుకు ఈ ఉత్పత్తులు ముఖ్య కారణాలలో ఒకటి. పొగరహిత ప్రదేశంలో పొగలేని పొగాకు వాడవచ్చునని భావించడం, ముఖ్యంగా పాఠశాలలలో, పొరపాటు.

‘ఇతరుల పొగ’ : ఒకరు కాల్చే పొగను మరొకరు పీల్చడాన్ని తెలుగులో ‘పరోక్ష ధూమపానం’ అని చాలాకాలంగా వ్రాస్తున్నారు. అయితే పైన పేర్కొన్న అంతర్జాతీయ మార్గదర్శకాలు ‘అసంకల్పిత ధూమపానం’ వంటి పదాలను వాడకుండా ఉండటమే మంచిదని సూచించాయి. అసంకల్పితంగా పీల్చిన పొగ మాత్రమే తప్పు, తెలిసి ఆ గదిలోకి వెళ్ళిన వారు పీల్చితే అభ్యంతరం లేదు అనే వాదనకు అటువంటి పదాలు అవకాశం ఇస్తాయన్నది అందుకు కారణం. ఉద్యోగం కోసం పొగ నిండిన హోటలులో పని చేసే సర్వరు ఇష్టపడి ఆ పొగను పీల్చుతున్నాడని చెప్పలేము. కావున ‘ఇతరుల పొగ’ అనే సూటి మాటయే సముచితం.

ఇతరుల పొగ వలన హాని :

సిగరెట్టు లేదా బీడీ నుండి పొగ రెండు విధాలుగా వెలువడుతుంది. పీల్చి వదిలిన పొగ ఒకటి కాగా, పీల్పుల మధ్య మండుతున్న కొస నుండి నేరుగా గాలిలో కలిసే పొగ రెండవది. ఈ రెండింటి మిశ్రమాన్ని ప్రక్కనున్నవారు పీల్చుతారు. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయన పదార్థాలు ఉన్నాయని, వాటిలో సుమారు 70 క్యాన్సరు కారకాలని శాస్త్రజ్ఞులు గుర్తించారు. కార్బన్ మోనాక్సైడ్, ఫార్మాల్డిహైడ్, బెంజీన్, అమ్మోనియా ఆ జాబితాలో కొన్ని.

జపాన్ శాస్త్రవేత్త తకేషి హిరయామా 1981లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో ఒక మైలురాయి. తాము ఎన్నడూ పొగ త్రాగకపోయినా, అధికంగా పొగ త్రాగే భర్తలు గల స్త్రీలలో ఊపిరితిత్తుల క్యాన్సరు మరణాలు హెచ్చుగా ఉన్నట్లు ఆయన నిరూపించారు. అనంతరం అనేక దేశాలలో జరిగిన పరిశోధనలు ఆ ఫలితాన్ని బలపరచాయి. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన గ్రంథంలో ఇతరుల పొగను మానవులలో క్యాన్సరు కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. అమెరికా సర్జన్ జనరల్ 2006 నివేదిక ఇతరుల పొగ విషయంలో హానిరహితమైన మోతాదు అంటూ ఏదీ లేదని స్పష్టం చేసింది. ఇల్లు లేదా పనిచేసే చోట ఈ పొగకు గురయ్యే పొగ త్రాగని వారిలో గుండె జబ్బుల ప్రమాదం 25 నుండి 30 శాతం, ఊపిరితిత్తుల క్యాన్సరు ప్రమాదం 20 నుండి 30 శాతం పెరుగుతుందని ఆ నివేదిక పేర్కొన్నది.

పిల్లల ఊపిరితిత్తులు ఎదుగుదల దశలో ఉంటాయి గనుక వారికి హాని అధికం. ఉబ్బసం తీవ్రం కావడం, తరచు శ్వాసకోశ వ్యాధులు రావడం, చెవిలో చీము పట్టడం, శిశువులలో ఆకస్మిక మరణం సంభవించడం ఇతరుల పొగతో ముడిపడి ఉన్నాయి. గర్భిణీ స్త్రీలు ఈ పొగను పీల్చినట్లయితే తక్కువ బరువుతో శిశువులు జన్మించే అవకాశం ఉంది. పొగాకు వలన ప్రపంచంలో ఏటా 70 లక్షలకు పైగా మరణాలు సంభవిస్తున్నాయని, వాటిలో 10 లక్షలకు పైగా మరణాలు పొగ త్రాగని వారివేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

అభ్యంతరం నుండి హక్కు వరకు :

పొగరహిత ప్రదేశం అనే భావన మన దేశంలో ఒక్కరోజులో రూపొందలేదు. 1989 నాటి రైల్వే చట్టంలోని 167వ సెక్షను ప్రకారం, రైలు పెట్టెలో తోటి ప్రయాణికుడు అభ్యంతరం తెలిపినప్పుడు పొగ త్రాగరాదు. రైల్వే యంత్రాంగం కోరుకుంటే ఏ రైలులోనైనా పూర్తిగా నిషేధించవచ్చునని కూడ అదే సెక్షను తెలుపుతున్నది. అనగా, నిషేధ ఉత్తర్వు లేని చోట అడిగే బాధ్యత పొగ త్రాగని వానిపైనే ఉండేది. చంటిబిడ్డతో ప్రయాణిస్తున్న తల్లి, అపరిచితుడైన తోటి ప్రయాణికునికి అభ్యంతరం చెప్పగలిగినప్పుడే ఆమెకు రక్షణ లభించేది.

ఆ తరువాత కొన్ని రాష్ట్రాలు స్వంత చట్టాలు చేశాయి. ఢిల్లీలో 1996లో, గోవాలో 1997లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో ధూమపాన నిషేధ చట్టాలు వచ్చాయి. ఇంతలో న్యాయస్థానాలు ఈ విషయాన్ని ప్రాథమిక హక్కుల కోణం నుండి పరిశీలించాయి. బహిరంగ ప్రదేశాలలో పొగ త్రాగడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కుకు భంగకరమని కేరళ హైకోర్టు 1999 జులైలో తీర్పు చెప్పింది. మురళీ దేవరా దాఖలు చేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2001 నవంబరు 2న ఇచ్చిన ఉత్తర్వు దేశవ్యాప్తంగా వర్తించింది. ప్రేక్షక మందిరాలు, ఆసుపత్రులు, విద్యాసంస్థలు, గ్రంథాలయాలు, న్యాయస్థానాలు, ప్రభుత్వ కార్యాలయాలు, రైళ్ళతో సహా ప్రజా రవాణా వాహనాలలో పొగ త్రాగడాన్ని ఆ ఉత్తర్వు నిషేధించింది. పొగ త్రాగని వ్యక్తి కేవలం ఇతరుల పొగ కారణంగా రోగాల పాలు కావలసిన అగత్యం లేదన్నది ఆ ఉత్తర్వు సారాంశం.

2003లో పార్లమెంటు సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టాన్ని ఆమోదించింది. వ్యవహారంలో దీనిని ‘కోట్పా’ అంటున్నారు. 2004 మే 1 నుండి ఈ చట్టంలోని ముఖ్య నిబంధనలు అమలులోకి వచ్చాయి. అదే సంవత్సరం ఫిబ్రవరిలో భారతదేశం ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒడంబడికను ధ్రువీకరించింది. కోట్పా 4వ సెక్షను బహిరంగ ప్రదేశంలో ఎవరూ పొగ త్రాగరాదని నేరుగా ఆదేశిస్తున్నది. ఇక ఎవరి అభ్యంతరంతోనూ నిమిత్తం లేదు. అడగలేని వారికి కూడ రక్షణ కల్పించడమే ఈ మార్పులోని అసలు విషయం.

‘బహిరంగ ప్రదేశం’ అనగానేమి? :

ఈ చట్టాన్ని అర్థం చేసుకోవడంలో తెలుగు పాఠకులకు ఎదురయ్యే ఒక చిక్కు ఇక్కడ ప్రస్తావించదగినది. చట్టంలోని మూల పదానికి తెలుగులో ‘బహిరంగ ప్రదేశం’ అనే అనువాదం స్థిరపడినది. కాని బహిరంగం అనగానే సామాన్యునికి ఆరుబయలు, వీధి, మైదానం గుర్తుకు వస్తాయి. చట్టం ఉద్దేశం దాదాపు దీనికి భిన్నం. 3వ సెక్షనులోని నిర్వచనం ప్రకారం, హక్కుగా గాని, హక్కు లేకుండా గాని ప్రజలు ప్రవేశించగలిగిన ప్రతి చోటూ బహిరంగ ప్రదేశమే. ప్రేక్షక మందిరాలు, ఆసుపత్రి భవనాలు, రైల్వే విశ్రాంతి గదులు, వినోద కేంద్రాలు, రెస్టారెంట్లు, ప్రభుత్వ కార్యాలయాలు, న్యాయస్థానాలు, విద్యాసంస్థలు, గ్రంథాలయాలు, ప్రజా రవాణా వాహనాలు ఇందులో ఉన్నాయి. అయితే ఖాళీగా ఉన్న ఆరుబయలు ప్రదేశం ఇందులో చేరదని అదే నిర్వచనం పేర్కొన్నది. కనుక ప్రజలు వచ్చిపోయే చోటు అనే అర్థంలో ‘ప్రజా ప్రదేశం’ లేదా ‘సార్వజనిక స్థలం’ అన్నప్పుడు భావం మరింత స్పష్టమవుతుంది.

ఆరుబయలు అనే మినహాయింపు దుర్వినియోగం కాకుండా కేంద్ర ప్రభుత్వం 2008 మే 30న కొత్త నియమాలను ప్రకటించింది. వాటి అమలును నిలిపివేయడానికి సుప్రీంకోర్టు నిరాకరించగా, 2008 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, ఆ నియమాలు దేశమంతటా అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం ప్రజలు సందర్శించే ఆరుబయలు రంగస్థలాలు, క్రీడా మైదానాలు, రైల్వే స్టేషన్లు, బస్ స్టాపులు, బస్ స్టాండ్లు మినహాయింపు క్రిందకు రావు. పనిచేసే చోట్లు, షాపింగ్ మాల్‌లు, సినిమా హాళ్ళు కూడ బహిరంగ ప్రదేశాలేనని స్పష్టం చేయబడినది. రెస్టారెంటు అనే పదంలో విందు మందిరాలు, క్యాంటీన్లు, కాఫీ హోటళ్ళు, పబ్బులు, బార్లతో పాటు వాటి చుట్టూ ఉన్న ఖాళీ స్థలం కూడ చేర్చబడినది.

ఆచరణలో దీని అర్థం ఈ విధంగా ఉంటుంది. బస్ స్టాండులో పైకప్పు లేని చోట నిలబడినప్పటికీ పొగ త్రాగరాదు. బస్సు ఆగి ఉన్నప్పటికీ, ప్రయాణికుడైనా, డ్రైవరైనా అందులో పొగ త్రాగరాదు. ఫంక్షను హాలులో వివాహానికి వచ్చిన అతిథులకు, వంటవారికి నియమం ఒక్కటే. కార్యాలయంలో అధికారికి ప్రత్యేక గది ఉన్నప్పటికీ అది పనిచేసే చోటే గనుక ఆ గదికి మినహాయింపు లేదు.

యజమాని బాధ్యతలు :

పొగరహిత ప్రదేశాన్ని నిలబెట్టే బాధ్యతను 2008 నియమాలు కేవలం పొగ త్రాగేవారికి, పోలీసులకు వదిలివేయలేదు. ఆ చోటు యజమాని, మేనేజరు, సూపర్‌వైజరు లేదా నిర్వాహకుడు ఈ క్రింది విషయాలలో జవాబుదారీ అవుతారు.

1. తమ ఆధీనంలోని ప్రదేశంలో ఎవరూ పొగ త్రాగకుండా చూడాలి.

2. ప్రతి ప్రవేశద్వారం వద్ద, లోపల స్పష్టంగా కనిపించే చోట, అంతస్తులు ఉన్నట్లయితే ప్రతి అంతస్తులో, మెట్ల వద్ద, లిఫ్టు ప్రవేశం వద్ద హెచ్చరిక పలకలు ఉంచాలి.

3. యాష్‌ట్రేలు, అగ్గిపెట్టెలు, లైటర్లు మొదలైన పొగ త్రాగడానికి దోహదపడే వస్తువులను అందుబాటులో ఉంచరాదు.

4. ఉల్లంఘన జరిగినప్పుడు ఎవరికి ఫిర్యాదు చేయాలో ఆ వ్యక్తి పేరును ప్రముఖంగా ప్రదర్శించాలి.

పలక పరిమాణం కూడ నిర్దేశించబడినది. కనీసం 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పుతో తెల్లని నేపథ్యం ఉండాలి. కనీసం 15 సెంటీమీటర్ల వ్యాసం గల వృత్తం, దాని చుట్టూ 3 సెంటీమీటర్లకు తగ్గని వెడల్పుతో ఎర్రని అంచు, మధ్యలో నల్లని పొగతో సిగరెట్టు లేదా బీడీ బొమ్మ, దానిని ఖండిస్తూ ఎర్రని అడ్డగీత ఉండాలి. ఇది పొగ త్రాగరాని ప్రదేశమని, ఇక్కడ పొగ త్రాగడం నేరమని తెలిపే వాక్యం ఉండాలి. చదువురాని వారికి సైతం అర్థం కావాలన్నది బొమ్మ ఉద్దేశం. సిగరెట్టుతో పాటు బీడీని పేర్కొనడం గమనార్హం.

నిషేధాన్ని ఉల్లంఘించి పొగ త్రాగిన వ్యక్తికి కోట్పా 21వ సెక్షను క్రింద 200 రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఫిర్యాదు అందినప్పటికీ నిర్వాహకుడు చర్య తీసుకోనట్లయితే, అక్కడ జరిగిన ఉల్లంఘనల సంఖ్యకు సమానమైన జరిమానాను ఆయన చెల్లించవలసి ఉంటుంది. కర్ణాటక వంటి రాష్ట్రం సవరణ ద్వారా జరిమానాను 1,000 రూపాయలకు పెంచింది. జరిమానా వసూలు చేసే అధికారం సబ్‌ఇన్‌స్పెక్టరు, ఆపై స్థాయి పోలీసు అధికారులతో పాటు గెజిటెడ్ అధికారులు, ఆసుపత్రి సూపరింటెండెంట్లు, ప్రధానోపాధ్యాయులు, స్టేషన్ మాస్టర్లు, పోస్టుమాస్టర్లు, సర్పంచులు, పంచాయతీ కార్యదర్శులు మొదలైన వారికి వారి వారి పరిధులలో సంక్రమించినది. పోలీసు స్టేషను దూరంగా ఉన్న గ్రామంలో సైతం చట్టాన్ని అమలు చేయగలిగిన వ్యక్తి ఉండాలన్నది ఈ ఏర్పాటులోని ఆంతర్యం.

‘స్మోకింగ్ ఏరియా’ అనే మినహాయింపు :

30 గదులు గల హోటళ్ళు, 30 మంది లేదా అంతకు మించి కూర్చునే వసతి గల రెస్టారెంట్లు, విమానాశ్రయాలలో పొగ త్రాగేవారికి ప్రత్యేక స్థలం ఏర్పాటు చేసుకోవడానికి కోట్పా 4వ సెక్షను వీలు కల్పిస్తున్నది. ఇది అనుమతి మాత్రమే, విధి కాదు. ఏర్పాటు చేయదలచినట్లయితే నియమాలు కఠినంగా ఉన్నాయి. నాలుగు వైపులా పైకప్పు వరకు గోడలు, దానంతట అదే మూసుకునే తలుపు ఉండాలి. లోపలి గాలి భవనంలోని ఇతర భాగాలకు తిరిగి చేరకుండా నేరుగా బయటకు పోవాలి. మిగిలిన భవనం కంటే ఆ గదిలో గాలి పీడనం తక్కువగా ఉండాలి. భవన ప్రవేశద్వారం వద్ద గాని, నిర్గమ ద్వారం వద్ద గాని ఈ గదిని ఏర్పాటు చేయరాదు. అక్కడ భోజన పానీయాలు గాని, మరే ఇతర సేవలు గాని అందించరాదు. తెర కట్టిన మూల, అద్దం అడ్డుపెట్టిన బల్ల, తలుపు తెరచి ఉంచిన గది ఈ నిర్వచనానికి సరిపోవు.

ఈ మినహాయింపుపై అంతర్జాతీయంగా భిన్నాభిప్రాయం ఉంది. గాలి మార్పిడి యంత్రాలు, ప్రత్యేక గదులు ఇతరుల పొగ నుండి పూర్తి రక్షణ ఇవ్వవని 2007 నాటి మార్గదర్శకాలు పేర్కొన్నాయి. ఆ గదిని శుభ్రపరచే పనివారు ఆ పొగను తప్పించుకోలేరు. ఐర్లండ్ 2004 మార్చి 29న పనిచేసే చోట్లన్నింటిలో, బార్లతో సహా, పొగ త్రాగడాన్ని నిషేధించి, దేశమంతటా ఇటువంటి సమగ్ర చట్టాన్ని అమలు చేసిన మొదటి దేశంగా నిలిచింది.

హుక్కా, ఎలక్ట్రానిక్ సిగరెట్లు :

కాలక్రమంలో పొగరహిత ప్రదేశం అనే భావనకు కొత్త ప్రశ్నలు ఎదురయ్యాయి. స్మోకింగ్ ఏరియా మినహాయింపును ఆసరాగా తీసుకొని నగరాలలో హుక్కా కేంద్రాలు వెలిశాయి. స్మోకింగ్ ఏరియాలో ఏ సేవలూ అందించరాదని 2017లో కేంద్రం నియమాలను సవరించి మరింత స్పష్టం చేసింది. హుక్కా కేంద్రాలను నిషేధిస్తూ తెలంగాణ శాసనసభ 2024 ఫిబ్రవరిలో కోట్పా సవరణ బిల్లును ఆమోదించింది. ఎలక్ట్రానిక్ సిగరెట్ల ఉత్పత్తి, దిగుమతి, రవాణా, విక్రయం, నిల్వ, ప్రకటనలను 2019లో పార్లమెంటు ప్రత్యేక చట్టం ద్వారా నిషేధించింది.

చుట్ట, బీడీ, పొగాకు రైతు :

చట్టంలో ‘పొగ త్రాగడం’ అనే పదానికి, పొగాకును ఏ రూపంలోనైనా కాల్చి పీల్చడం అనే విస్తృత నిర్వచనం ఉంది. తెలుగు ప్రాంతాలలో ఇది ముఖ్యమైన విషయం. పల్లెలలో చుట్ట కాల్చే అలవాటు తరతరాలుగా ఉన్నది. ఉత్తర కోస్తా జిల్లాలలో, ప్రత్యేకించి శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల స్త్రీలలో, నిప్పు ఉన్న కొసను నోటి లోపల ఉంచుకొని చుట్ట కాల్చే ‘అడ్డపొగ’ అలవాటు వైద్య గ్రంథాలకెక్కినది. దీని వలన అంగిటి క్యాన్సరు వచ్చే ప్రమాదం హెచ్చు. సిగరెట్టుకు మాత్రమే నిషేధం, చుట్టకు కాదు అనుకోవడం సరికాదు.

మరొక వైపు, పొగాకు పంట ప్రకాశం, గుంటూరు, గోదావరి ప్రాంతాలలో వేలాది రైతు కుటుంబాలకు ఆధారం. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులోనే ఉన్నది. ఉత్తర తెలంగాణలో బీడీలు చుట్టే పని అసంఖ్యాక మహిళలకు ఉపాధి. పొగరహిత ప్రదేశం అనే భావన వీరి వృత్తిని నిషేధించదు. పొగ త్రాగే వ్యక్తిని సైతం ఆ అలవాటు కారణంగా నేరస్థునిగా పరిగణించదు. ఏ చోట త్రాగరాదన్నదే ఈ నియమానికి సంబంధించిన ప్రశ్న.

పొగరహిత నగరం, పొగరహిత గ్రామం :

ఒక గది నుండి భవనానికి, భవనం నుండి ఊరికి ఈ పదం విస్తరించినది. చండీగఢ్ 2007లో దేశంలో మొదటి పొగరహిత నగరంగా ప్రకటించబడినది. హిమాచల్ ప్రదేశ్ 2013లో పొగరహిత రాష్ట్రంగా ప్రకటించుకున్నది. ఇటువంటి ప్రకటనకు అర్థం అక్కడ ఎవరూ పొగ త్రాగరని కాదు. చట్టం నిర్వచించిన బహిరంగ ప్రదేశాలలో నిషేధం సంతృప్తికరంగా పాటించబడుతున్నదని అర్థం. పలకలు ఉన్నాయా, యాష్‌ట్రేలు తొలగించబడ్డాయా, పొగ త్రాగుతున్నవారు గాని, బీడీ, సిగరెట్టు ముక్కలు గాని, పొగ వాసన గాని ఉన్నాయా అన్న అంశాలు తనిఖీలో పరిశీలించదగినవి. తనిఖీలు కొనసాగనప్పుడు బిరుదు కాగితంపైనే మిగిలిపోతుంది.

చట్టం చేరని చోటు :

చట్టం నిర్వచించిన ప్రదేశాల జాబితాలో ఇల్లు లేదు. అయితే ఇతరుల పొగకు ఎక్కువ మంది గురవుతున్నది ఇంటిలోనే. 2009-10 సర్వేలో దేశంలో 52.3 శాతం వయోజనులు ఇంటిలో ఈ పొగకు గురవుతున్నట్లు తేలగా, 2016-17 నాటికి అది 38.7 శాతానికి తగ్గింది. నాలుగు గోడల మధ్య పనిచేసే వారిలో మాత్రం పని స్థలంలో పొగకు గురయ్యేవారు 29.9 శాతం నుండి 30.2 శాతంగా, ఇంచుమించు అదే స్థితిలో ఉన్నారు. చట్టం చేరని ఇంటిలో పరిస్థితి మెరుగుపడగా, చట్టం వర్తించే పని స్థలంలో మార్పు రాకపోవడం ఆలోచింపదగిన విషయం. ఇంటిలో మార్పును కుటుంబ సభ్యులే తెచ్చుకున్నారు. పని స్థలంలో మార్పు తేవలసినది యజమానులు, అధికారులు.

ఇంటిని పొగరహితంగా ఉంచుకోదలచినవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. మరొక గదిలోకి వెళ్ళి త్రాగడం, ఫ్యాను వేయడం, కిటికీ తెరవడం చాలదు. ఆ పొగ ఇల్లంతా వ్యాపిస్తుంది. పసిబిడ్డలు, గర్భిణీ స్త్రీలు, ఉబ్బసం గల వృద్ధులు ఉన్న ఇంటిలో గడప దాటిన తరువాతనే పొగ త్రాగాలన్న నియమం కనీస రక్షణ. అలవాటును పూర్తిగా మానుకోవడమే అత్యుత్తమ మార్గం. మానదలచినవారికి 2016 నుండి పనిచేస్తున్న జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356 ద్వారా ఉచితంగా సలహాలు లభిస్తాయి.

పౌరుల పాత్ర :

బహిరంగ ప్రదేశంలో ఎవరైనా పొగ త్రాగుతున్నప్పుడు వాదనకు దిగవలసిన అవసరం పౌరునికి లేదు. పలకపై పేర్కొన్న బాధ్యునికి తెలియజేయడం చాలు. చర్య తీసుకోవలసిన బాధ్యత ఆ క్షణం నుండి నిర్వాహకునిది అవుతుంది. పలక లేని చోట పలక ఏర్పాటు చేయాలని కోరవచ్చు. పలక లేకపోయినా ఆ చోటు నిర్వచనం పరిధిలో ఉన్నట్లయితే నిషేధం వర్తిస్తుంది, పలక చట్టాన్ని గుర్తు చేస్తుందే గాని సృష్టించదు.

ఆసుపత్రిలో చికిత్స పొందుతున్న రోగి, బడిలో చదువుకుంటున్న విద్యార్థి, రోజంతా బస్సులో తిరిగే కండక్టరు, హోటలులో బల్లలు తుడిచే కుర్రవాడు తాము పీల్చే గాలిని ఎంచుకోలేరు. వారి తరఫున ఆ ఎంపికను చట్టం చేసింది. పొగరహిత ప్రదేశం అనే పదానికి నిఘంటువు చెప్పే అర్థం పొగ లేని చోటు. ఆ అర్థం నిజమయ్యేది పలక ఉన్న గోడ ఎదుట ప్రతి ఒక్కరూ దానిని పాటించినప్పుడే.